బామ్మర్ది ధర్మకాంటకు నేను రాసిన భాష

నా భార్యకు ఆత్మకూర్‌కు ట్రాన్స్‌ఫర్ అయిన ఏడాదే మా కాలేజీల పాత కంప్యూటర్లను తీసి వరండాల పడేసిన్రు. ఈ రెండిటికి ఏం సంబంధం లేదనే చాన రోజులు అనుకున్న.

ఆమె తెలుగు టీచర్. అప్పటిదాక జడ్చర్ల పక్కనే ఒక హైస్కూల్ల పనిచేసేది. కొత్త రాష్ట్రం వచ్చినంక జరిగిన బదిలీల్ల ఆత్మకూర్ దిక్కు పోవాల్సొచ్చింది. రోజూ బస్సుల పోయొస్తే నడుము ఉండేటట్టు లేదని అక్కడ్నే ఒక రూం కిరాయికి తీసుకున్నది. సోమవారం పొద్దుగాల పోతే మల్ల శనివారం మాపటికే రావుడు. మా బిడ్డ హైదరాబాద్‌ల హాస్టల్ల ఉండి చదువుకుంటాంది. ఇంట్ల నేనొక్కన్నే.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేటోన్ని. అందరూ సార్ అనే పిలుస్తరు గని నేను పాఠం చెప్పే సార్‌ను కాదు. ప్రింటర్ల కాయితం ఇరికితే తీసే సార్‌ను. మౌస్ నడుస్తలేదంటే పోయి దాని వైరు బిగించి, ఏదో పెద్ద ఆపరేషన్ చేసినట్టు చేతులు దులుపుకొని వచ్చే సార్‌ను.

వరండాల పడేసిన డబ్బాలను పాత సామాన్లోడు వచ్చి ఎత్తుకపోతాంటే, అండ్ల ఒకటి మంచిగున్నది కనవడి అడిగి ఆటోల ఇంటికి తెచ్చిన. శనివారం ఆమె వచ్చి చెప్పులు ఇడ్వకముందే చూసింది.

"ఇదేంది?"

"కంప్యూటర్."

"మనింట్ల ఒకటి ఉన్నది కదా."

"అది వేరు. ఇది పాతది. డాస్ అని, దాని మీద నడుస్తది. బొమ్మలుండవు, రంగులుండవు. నల్ల స్క్రీన్ మీద మనం రాస్తే అది చేస్తది."

"చెప్పింది చెప్పినట్టు వింటదన్నమాట," అన్నది ఆమె బ్యాగు కింద పెట్టుకుంట. "మంచిది. ఇంట్ల ఒక్కటన్న గట్ల ఉండాలె."

ఆ డబ్బాతోని ఏం చెయ్యాల్నో నాకు ఎప్పుడో తెలుసు. డిప్లొమా చదివేటప్పుడు లైబ్రరీల ముందు పేజీలు ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. ఫోర్త్ అనే ఒక ప్రోగ్రామింగ్ భాష గురించి. అందరు భాషను తెచ్చుకొని వాడుకుంటరు గని, ఈ ఫోర్త్‌ను మాత్రం ఒక్క మనిషి కూసొని మొదటి నుంచి సొంతంగ కట్టుకోవచ్చని అండ్ల రాసి ఉండె. ఆ మాట నా మనసుల ఇరుక్కపోయింది. మాది కిరాయి ఇల్లు. జడ్చర్లల జాగా కొనాలె, ఇల్లు కట్టాలె అని మేం పెండ్లి అయినప్పటి నుంచి అనుకుంటనే ఉన్నం. ఇల్లు ఎట్లా అయితలేదు, కనీసం భాషన్న కడ్దామనుకున్న.

ఫోర్త్ సంగతి సులువుగనే చెప్పొచ్చు. ముందుగాల మిషన్‌కు అర్థమయ్యే భాషల కొన్ని చిన్నచిన్న మాటలు నేర్పాలె. కూడుడు, తీసేసుడు, చూపెట్టుడు లాంటియి. తర్వాత ఆ మాటలను కలిపి కొత్త మాట చెయ్యాలె. ఆ కొత్త మాటలతోని ఇంకా కొత్త మాటలు. ఇగ అంకెలంటరా, వంటింట్ల గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు పెట్టుకుంట పోతది. ఆఖర్న పెట్టిందే ముందుగాల చేతికొస్తది. మా అవ్వ అటక మీద కుండలు గట్లనే పెట్టేది, దాన్ని దొంతి అనేది. నేను కూడ దొంతి అనే పేరు పెట్టిన. చెప్తే గింతే. కడ్తే మాత్రం నాకు ఎండకాలం మొత్తం పట్టింది.

ఆ ఎండకాలంల నేను చేసిందంత ఒకటే పని. రాసుడు, నడిపిచ్చుడు, మిషన్ బిగుసుకపోవుడు, బంద్ చేసి మల్ల చాలు చేసుడు. దాని బటన్ మీది అక్షరాలు అరిగిపోయినయ్. ఒకసారి ఏమైందంటే, ఆ దొంతి మీదికి పెరగాల్నా కిందికి పెరగాల్నా అన్న కాడ తికమకపడ్డ. అది కిందికి పెరుగుకుంట వచ్చి నేను రాసిన ప్రోగ్రామునే తినుడు మొదలుపెట్టింది. తింటాందని నాకు తెల్వదు. నేను కొత్త మాట నేర్పుతాంటే అది పాత మాట మర్చిపోతాంది. మా బిడ్డ రెండో తరగతిల ఎక్కాలు ఇట్లనే మర్చిపోయేదని యాదికొచ్చి, మిషన్ మీద జాలి కూడ పడ్డ. తప్పు నాదేనని తెలిసేసరికి వారం గడిచింది.

ఎట్లయితేనేం, ఒక ఆదివారం అది పనిచేసింది. ఆమె ఇంట్లనే ఉన్నది. పిలిచి కుర్చీల కూసోబెట్టిన.

"చూడు," అని రెండు, మూడు, కూడిక గుర్తు కొట్టిన. స్క్రీన్ మీద అయిదు వచ్చింది.

ఆమె కొంచెంసేపు చూసింది. ఇంకేమన్న వస్తదేమో అనుకున్నది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎండకాలం మొత్తం గిదేనా? ఫోన్ల కాలిక్యులేటర్ ఉంటది కదయ్యా."

నేను లేచి చాయ పెట్టిన.

గని ఆమె కుర్చీల నుంచి లేవలేదు. ఆరు, ఏడు కొట్టి కూడిక గుర్తు కొట్టింది. పదమూడు వచ్చింది. "ఇదేంది, గుర్తు ఆఖర్న ఎందుకు?" అని అడిగింది. అంకెలు ముందు దొంతి మీద పెడ్తం, పని ఆఖర్న చెప్తం, బయట అందరు దీన్ని తలకిందుల భాష అని ఎక్కిరిస్తరు అని చెప్పిన.

"తలకిందులు ఎట్లయితది?" అన్నది. "ఆరు ఏడు కూడు. సక్కటి తెలుగు వాక్యం. క్రియ ఆఖర్నే ఉంటది. అన్నంల పప్పు కలుపు అంటం గని, కలుపు అన్నంల పప్పు అంటమా? వాళ్లకు తలకిందులైతే కావొచ్చు. మనకు నిటారే."

చాయ చేతుల పట్టుకొని అట్లనే నిలవడ్డ. డిప్లొమా నుంచి ఇప్పటిదాక ఫోర్త్ గురించి ఆలోచిస్తున్న నాకు గీ ముక్క తట్టలేదు. ఆమెకు తట్టినందుకు కొంచెం రోషం వచ్చింది. నాకు తట్టలేదని ఆమెకు తెల్వకుండ ఉండాలని, "అదే కదా నేను అంటున్న," అన్న. ఆమె నమ్మలేదు.

ఆ రోజే తెలుగు మాటల ఫోర్త్ చెయ్యాలని నిర్ణయించుకున్నం. నిర్ణయించుకున్నం అంటున్న గని, నిర్ణయించుకున్నది నేను, వద్దనలేదు ఆమె. నేను రెండు రోజులు కూసొని మాటలన్ని ఆలోచించి ఫోన్ చేసి చదివి వినిపిచ్చిన. సంకలనము. వ్యవకలనము. పునరావృతము. ద్విగుణీకృతము. అన్ని చదివి అడిగిన.

"ఉన్నవా?"

"ఉన్న. ఇది ప్రోగ్రామా, పెండ్లి పత్రికనా?"

"మరి తెలుగుల రాయాలంటే..."

"ఇంట్ల నువ్వు ద్విగుణీకృతం అంటవా ఎప్పుడన్న? ఇంకో చపాతి కావాలంటే ఏమంటవ్?"

"ఇంకోటి అంట."

"గదే రాయి. ఇంకోటి."

అట్ల దొంతి మీది అంకెను రెండుసార్లు చేసే మాట ఇంకోటి అయింది. మీది రెండిటిని మార్చేది అటిటు. అక్కర్లేనిదాన్ని తీసేసేది పారెయ్. మల్లమల్ల చేసేది మల్ల. షరతు చెప్పే కాడ కూడ ఫోర్త్‌ల ముందు సంగతి చెప్పి తర్వాత అయితే అనాలె. ఆమెకు అది ఇంకా నచ్చింది. "మా బడి పిల్లలకంటె నయమున్నది నీ మిషన్, వాక్యం సక్కగ రాస్తది," అన్నది.

అంతకుముందు మా ఫోన్లు ఎట్లుండేటియంటే, తిన్నవా, తిన్న, గ్యాస్ బంద్ చేసినవా, చేసిన, ఇగ ఉంటా. నిమిషం కూడ పట్టకపోయేది. పెండ్లయి ఇన్నేండ్లయినంక కొత్తగ అడగనీకి ఏముంటది? ఇప్పుడు సాయంత్రం బడి ఇడ్వంగనే ఆమెనే చేస్తాంది. "మరువు అని పెట్టినవు కదా, అది మర్చిపో అని ఆజ్ఞ లెక్క ఉన్నదా, మరువం పువ్వు లెక్క ఉన్నదా?" అని. నేను ఒకటంట, ఆమె ఒకటంటది. ఎంతసేపయిందో చూసుకునేటోల్లం కాదు. ఆమె రూం పక్కన ఉండే టీచరమ్మ, "మీ ఆయనతోని రోజూ ఏం కొట్లాట?" అని అడిగిందట. "మాటలు కుదురుతలేవు," అని చెప్పిందట ఈమె. ఆ టీచరమ్మ పాపం వచ్చే శనివారం దాక మా గురించి ఫికర్ చేసిందట.

మాటలైతే కుదిరినయ్ గని అక్షరాలు కుదరలేదు. డాస్‌కు తెలుగు రాదు. ఒక్కో అక్షరానికి అది ఇచ్చే జాగా అగ్గిపెట్టె అంత. ఇంగ్లీషు అక్షరాలు సన్నగ ఉంటయి, పడుతయి. మన అక్షరాలు పండుగకు తయారైనట్టు ఉంటయి, తలకట్టు, గుడి, కింద ఒత్తు. ఆమె బడి నుంచి తెచ్చిన గ్రాఫ్ కాయితాల మీద గళ్లు నింపుకుంట ఒక్కో అక్షరం గీసిన. కొన్నిటికి రెండు అగ్గిపెట్టెలు పట్టినయ్. ఒత్తు కిందికి పోతలేదు, పక్కన నిలవడ్తాంది. నాకు ఓపిక అయిపోయి కొన్ని ఒత్తులు మొత్తానికే ఎగ్గొట్టిన.

శనివారం ఆమె వచ్చి కావాలని ఏదో పిచ్చి మాట కొట్టింది, మిషన్ ఏమంటదో చూద్దామని. స్క్రీన్ మీద 'తపు' అని వచ్చింది.

"ఇదేంది?"

"తప్పు చేసినవని చెప్తాంది."

"నేను చేసింది తర్వాత చూద్దాం. అది రాసిందే తప్పు."

బ్యాగులకెల్లి ఎర్ర పెన్ను తీసి నా గ్రాఫ్ కాయితాల మీద సున్నాలు చుట్టింది. ఆదివారమంత కూసొని ఒత్తులన్ని మల్ల గీసిన. పక్కన కూసొని పరీక్ష పేపర్లు దిద్దుకుంట, మధ్యమధ్యల నా స్క్రీన్‌ను కూడ దిద్దింది.

ఇంతవరకు ఈ భాషతోని లోకానికి వచ్చిన నష్టం ఏం లేదు. బామ్మర్ది ఫోన్ చేసినంకనే అసలు కథ.

మా బామ్మర్ది, అంటే ఆమె తమ్ముడు, మేళ్లచెరువు దగ్గర ధర్మకాంట నడుపుతడు. రోడ్డు పక్కన లారీ మొత్తాన్ని ఎక్కిచ్చి తూకం వేసే కాంట. ఆ దిక్కంత సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, పొద్దుందాక లారీలే. కాంట పక్కన ఒక పెట్టె మీద ఎర్ర అంకెలల్ల బరువు కనవడ్తది. దానికెల్లి ఒక వైరు కంప్యూటర్‌కు వస్తది, కంప్యూటర్ చిట్టీ కొడ్తది. ఆ కంప్యూటర్ కూడ పాతది, డాస్‌దే. దాని ప్రోగ్రాం ఒకరోజు చెడిపోయింది. ఎక్కిచ్చినోల్ల కోసం వెతికితే ఆ దుకాణం ఉన్న జాగాల ఇప్పుడు టిఫిన్ సెంటర్ ఉన్నదట.

"బావా, నీకు గీ పాత కంప్యూటర్లు మంచిగ తెలుసట కదా, అక్క చెప్పింది," అన్నడు.

తెల్వదు అనొచ్చు. కొత్తది కొనుక్కో అనొచ్చు. నేను ఏమన్ననంటే, "వాళ్లెవలో రాసిన ప్రోగ్రాం మనకెందుకు బామ్మర్దీ? నా సొంత భాష ఉన్నది. అండ్ల రాసిస్తా."

"సొంత భాషనా?" అన్నడు. పాపం, వానికి ఏం అర్థం కాలేదు. అయినా బావ మీద గౌరవంతోని సరే అన్నడు.

దసరా సెలవులల్ల పోయిన. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, బస్సులు మారుకుంట మారుకుంట. ఫ్లాపీలకు దుమ్ము పడ్తదని టిఫిన్ డబ్బాల పెట్టుకొని ఒళ్లె పట్టుకున్న. పక్కన కూసున్న పెద్దమనిషి మిర్యాలగూడ దాక ఆ డబ్బా దిక్కే చూసిండు, ఎప్పుడు తెరుస్తనా అని.

కాంట కాడ చిట్టీలు కొట్టే అమ్మాయి ఒకామె ఉండె. ఆ పక్క ఊరే, డిగ్రీ చదివింది. నేను ఫ్లాపీ ఎక్కిచ్చి స్క్రీన్ మీద తెలుగు రాంగనే గర్వంగ ఆమె దిక్కు చూసిన. ఆమె దగ్గరికి వంగి చూసింది.

"సార్, గిది ఏం అక్షరం?"

"ళ."

"నత్త లెక్క ఉన్నది సార్."

సరే అని, ఎట్ల వాడాల్నో చెప్పుడు మొదలుపెట్టిన. లారీ నంబరు కొట్టాలె, తర్వాత తూచు అని రాయాలె, తర్వాత చిట్టీ అని రాయాలె, తెలుగు అక్షరాలకు ఏ కీలు నొక్కాల్నో ఇగో ఈ కాయితం మీద ఉన్నయి. ఆమె కాయితం మొత్తం చదివి, మర్యాదగనే అన్నది.

"సార్, ఆడ లారీలు ఆగి హారన్లు కొడుతుంటరు. నేను ఈడ వ్యాసం రాసుకుంట కూసుంటనా?"

బామ్మర్ది కిందికి చూసి నవ్వు ఆపుకున్నడు. సాయంత్రం కల్లా అన్నిటిని మూడు కీల కిందికి తెచ్చిన. ఒకటి ఖాళీ లారీకి, ఒకటి నిండు లారీకి, ఒకటి చిట్టీకి. మేం ఇద్దరం ఫోన్ల మీద కొట్లాడి కొట్లాడి ఏరుకున్న మాటలన్ని లోపట దాక్కున్నయ్. బయటికి చూస్తే ఏ ప్రోగ్రాం అయితే ఏంది, మూడు కీలు.

మర్నాడు పొద్దుగాల బామ్మర్ది కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిండు. ముందుగాల తనే పోయి కాంట మీద నిలవడ్డడు. బరువు సరిగ్గ వచ్చింది. "అయ్యో, పెరిగిన్నే," అన్నడు. తర్వాత ఒక ట్రాక్టర్, సరిగ్గ వచ్చింది. తర్వాత ఖాళీ లారీ, పదకొండు వేల రెండు వందల కిలోలు, చిట్టీ మీద అచ్చంగ తెలుగుల వచ్చింది. డ్రైవర్ చదివి, "మంచిగున్నది సార్," అన్నడు. నేను ఆ చిట్టీ ఫోటో తీసి నా భార్యకు పంపిచ్చిన. ఆమె ఒత్తులన్ని చూసుకొని, పర్వాలేదు అని జవాబు పెట్టింది. ఆమె పర్వాలేదు అంటే వందకు తొంభై వచ్చినట్టు.

మధ్యాహ్నం అదే లారీ నిండా సున్నపురాయి నింపుకొని వచ్చింది. కాంట ఎక్కింది. ఎర్ర అంకెలల్ల ముప్పై ఆరు వేల నలభై అని కనవడ్తాంది. ఆ అమ్మాయి కీ నొక్కింది, చిట్టీ వచ్చింది. ఆమె చదివింది, మల్ల చదివింది, నా చేతికిచ్చింది.

నిండు బరువు: -29496. ఖాళీ బరువు: 11200. సరుకు: 24840.

"సార్," అన్నది మెల్లగ, "సరుకు సరిగ్గనే ఉన్నది. లారీనే లేదు."

డ్రైవర్ కూడ దిగి వచ్చి చూసిండు. "మైనసా?" అన్నడు. "సార్, నింపితే నా బండి గాలిల లేస్తాందా ఏంది? గట్లయితే రోజూ మీ కాంటనే ఎక్కుత. డీజిల్ అక్కర్లేదు, ఇట్లనే ఎగురుకుంట పోతా."

ఎనుక నిలవడ్డ డ్రైవర్లు కూడ వచ్చిన్రు. చిట్టీ చేతులు మారుకుంట పోయింది. నవ్వు ఒక లారీ నుంచి ఇంకో లారీకి పోతుంటే ఈడ కూసున్న నాకు ఇనవడ్తాంది.

ఎందుకయిందో నాకు చూడంగనే తెలిసింది, అది ఇంకా నామోషీ. నా ఫోర్త్‌ల ఒక అంకెకు నేనిచ్చిన జాగా చిన్నది. ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాటిందంటే, దాన్ని సున్న కంటె కిందిదిగ అనుకొని మైనస్ పెట్టి చూపెడ్తది. ఇంట్ల నేను పరీక్ష చేసినప్పుడల్ల ఆరు, ఏడు, పదమూడు. ధర్మకాంటకు ప్రోగ్రాం రాసేటోడు లారీ బరువంత అంకె ఒక్కటన్న కొట్టి చూడాలె కదా? చూడలేదు.

"ఫికర్ లేదు," అని అందరికి వినవడేటట్టు అన్న. "ఫోర్త్ గొప్పతనమే ఇది. మిషన్ బంద్ చెయ్యకుండనే బాగు చెయ్యొచ్చు." అంకెను అచ్చేసే మాటకు చూపు అని పేరు. మైనస్ దిక్కు తిప్పకుండ అసలు అంకెనే అచ్చేసేటట్టు చూపును మల్ల రాసిన. ఒక్క లైను. ఎంటర్ కొట్టి, "ఇప్పుడు నొక్కు," అన్న.

-29496.

డ్రైవర్లు చప్పట్లు కొట్టిన్రు.

ఫోర్త్‌ల ఇంకో సంగతి ఉన్నది. ఒక మాటకు కొత్త అర్థం చెప్తే, ఇప్పటి నుంచి రాసే మాటలే దాన్ని వింటయి. అంతకుముందు రాసిన మాటలు పాత అర్థాన్నే పట్టుకొని ఉంటయి. చిట్టీ అనే మాట పాత చూపునే నమ్ముకొని కూసున్నది. ఇది నాకు తెల్వదా అంటే, ఆ ఫోర్త్‌ను రాసిందే నేను. చిట్టీని కూడ మల్ల రాసిన. ఈసారి నేను నొక్కుమనలేదు. ఆ అమ్మాయే, "నొక్కాల్నా సార్?" అని అడిగి నొక్కింది. ముప్పై ఆరు వేల నలభై.

డ్రైవర్ మంచి చిట్టీ జేబుల పెట్టుకొని, మైనస్ చిట్టీ కూడ అడిగి తీసుకున్నడు. క్లీనర్‌కు చూపెడ్తడట.

నేను ఇంటికి చేరకముందే బామ్మర్ది అక్కకు అంత చెప్పిండు. ఇంటి గేటు తీస్తుంటే ఆమె వాకిట్లనే నిలవడ్డది, మొఖం చూస్తేనే తెలుస్తాంది.

"నవ్వు," అన్న.

నవ్వింది. చాన సేపు నవ్వింది. కండ్లు తుడుచుకొని, "మాటల్ల తప్పేం లేదు కదా?" అని అడిగింది.

"మాటలు నీయి. అంకెలే నాయి."

"అందుకే అడిగిన," అన్నది.

అయిపోయిందనుకున్న. సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన రోజు, ప్రింటర్ల ఇరికిన కాయితం గుంజుతుంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, బంద్ చేసి మల్ల పెట్టినం. మైనస్ మల్ల వచ్చింది."

నేను అక్కడ చేసిన మార్పును ఫ్లాపీల దాచిపెట్టుడు మర్చిపోయిన. పండుగ దాక బంద్ చెయ్యలేదు కాబట్టి నడిచింది. ఇగ మల్ల నాలుగు బస్సులు మారాలె. అంతల ఆమెనే, "సార్, మీరు చెప్పుండ్రి, నేను కొడుత," అన్నది. కాలేజీ వరండాల నిలవడి ఒక్కో మాట చెప్పిన. చూపు. తర్వాత చిట్టీ. తర్వాత దాచు. ఆమె కొట్టింది, వచ్చింది. ఫోన్ పెట్టేముందు, "సార్, గీ మాటలు మనం కొత్తయి కూడ చెయ్యొచ్చా?" అని అడిగింది.

అట్ల మొదలయింది. నెలకోసారి ఫోన్ చేసి ఒక సంగతి అడిగేది. ఒకనాడు, కరెంట్ పోయి మల్ల వస్తే ఆఖరి చిట్టీని ఇంకోసారి కొట్టే మాట తనే రాసిన అని చెప్పింది. పేరు 'కరెంటొచ్చింది'. స్క్రీన్ ఫోటో తీసి పంపితే రెండుసార్లు చదివిన. ఆమె రాసినదాంట్ల తప్పు పట్టాలని వెతికిన, నా బుద్ధి గట్లాంటిది. దొరకలేదు. కాలేజీల కనవడ్డ ప్రతి సార్‌కు చెప్పిన, నా భాషల నేను కాక ఇంకో మనిషి ప్రోగ్రాం రాసిందని. అందరూ మంచిది అన్నరు. ఒకాయన, "ఆ అమ్మాయికి వేరే ఏం రాదా పాపం?" అన్నడు.

కొన్నేండ్లకు నా భార్యకు మల్ల జడ్చర్ల దగ్గరికే ట్రాన్స్‌ఫర్ అయింది. సామాను తెచ్చుకొని వచ్చింది. ఆ తర్వాత నా ఫోర్త్‌ల ఒక్క కొత్త మాట చేరలేదు. చెయ్యాలని రోజూ అనుకుంట. సాయంత్రం ఆమె కూరగాయలు తరుక్కుంట బడి సంగతులు చెప్తది, నేను వెల్లుల్లి ఒలుచుకుంట వింట. ఆ పాత డబ్బా మీద ఉతికిన బట్టలు పెడుతున్నం. ఇస్త్రీ అయినంక తీస్తం.

మేళ్లచెరువుల కాంట మీద మాత్రం అది ఇంకా చాన కాలం నడిచింది. పోయిన ఏడాది బామ్మర్ది కొత్త కంప్యూటర్ పెట్టిండు. నాకు బాధయితదని ముందుగాల అక్కకు చెప్పి, అక్కతోని నాకు చెప్పిచ్చిండు. పాతది చెడిపోలేదు, దాని ప్రింటర్‌కు రిబ్బన్లు దొరుకుతలేవు, ఇగ ఏం చేస్తడు?

మొన్న బామ్మర్ది వాళ్లింట్ల పుట్టువెంట్రుకలకు పోయి, దారిల కాంట కాడ ఆగినం. ఆ అమ్మాయి ఇప్పుడు పెండ్లయి, పెద్దమనిషి లెక్క కుర్చీల కూసున్నది. కొత్త స్క్రీన్ మీద రంగులు, లారీ బొమ్మ, కెమెరాల లారీ నంబరు దానంతటదే వస్తాంది. మంచిగనే ఉన్నది. నేను ఎట్లున్నదో చూద్దామని కీబోర్డు దిక్కు చెయ్యి పెట్టిన.

"సార్, ముట్టకుండ్రి," అన్నది ఆమె. తర్వాత పాపమనిపిచ్చినట్టుంది, "చాయ తాగుతరా?" అని అడిగింది.

చాయ తాగి బస్సెక్కినం. హుజూర్‌నగర్ దాటినంక నా భార్య, "ఆ కొత్తదాంట్ల చేసిన పనిని ఎనుకకు తీసుకునే బటన్ ఉన్నది కదా, మనదాంట్ల దానికి మాట పెట్టలేదు," అన్నది. నిజమే, పెట్టలేదు. నేను ఎనుకకు అన్న. అది నడకకు పనికొస్తది గని పనికి రాదన్నది. మాపు అన్న. మాపు అంటే సాయంత్రం కూడ కదా అన్నది. కాదనుకో అన్నది ఆమె. అది మూడు మాటలంత పొడుగున్నదని నేను. పొడుగైతే ఏంది, జాగా తక్కువిచ్చిందెవరు అని ఆమె. మిర్యాలగూడల బస్సు మారినం, మాట తెగలేదు.

ముందు సీట్ల ఉన్న ముసలవ్వ ఎనుకకు తిరిగి మా ఇద్దరి దిక్కు చూసింది.

"ఏం పంచాది బిడ్డా మీది? భూమి గురించా?"

"కాదవ్వా," అన్న. "ఒక మాట గురించి."

"మాట గురించేనా," అన్నది ఆమె కొంగు తల మీదికి కప్పుకుంట. "జర మెల్లగ కొట్లాడుండ్రి. నేను పండుకుంట."